ఇరవై రెండు కిలోల జర్మన్

షార్జా, సజా గోదాముల
ఒక్కొక్క డబ్బా ఇరవై రెండు కిలోలు.
మీద అరబ్బీ అక్షరాలు, పక్కన ఒక బొమ్మ:
నోరు కనవడనియ్యని మీసాలు,
ఎవనితోనో కొట్లాటకు దిగినట్టు కనుబొమ్మలు.
"వీడు రాసింది గింత బరువా?" అన్న.
"మోసినోళ్లకు ఎరుకైతది" అన్నడు ఓదెలు.

ఓదెలుది మా రూముల పై మంచం.
ఫిలాసఫీ ఎమ్మే,
రెండో ఏడు పరీక్ష ఫీజు కాడ ఆగిపోయింది.
లైట్లు ఆర్పినంక రోజుకింత
ఆ మీసాలాయన బతుకు చెప్పేటోడు,
నెల నెల చీటీ కట్టినట్టు.

పాస్టరు కొడుకట. ఐదేండ్లు నిండకముందే తండ్రి పోయిండు.
ఇరవై నాలుగుకే ప్రొఫెసరు.
ముప్పై నాలుగుకు తలనొప్పి కొలువు ఇడిపిచ్చింది.
ఇగ పించనీ పైసలు, అద్దె గదులు,
కొండల పొంటి నడుసుకుంట నడుసుకుంట రాత.
కండ్లు సగం కనవడవు.
ఒక పుస్తకం సొంత ఖర్చుతోని నలభై కాపీలే అచ్చేసిండట,
పంచుదామంటే అంతమంది దోస్తులు లేరు.
"మన డబ్బాల ఎన్నుంటయి?" అడిగిండు కింద మంచం లచ్చిరాం.
"ముప్పై ఆరు."
చీకట్ల అందరం మన దోస్తులను లెక్క పెట్టుకున్నం,
ఎందుకో.

ఒకనాడు గొంతు తగ్గిచ్చి చెప్పిండు,
దేవుని గురించి ఆయన ఏమన్నడో.
గుల్ జమాన్ అప్పుడే నమాజు చేసి చాప మడుస్తున్నడు,
లచ్చిరాం తలాపున కొండగట్టు అంజన్న ఫొటో.
నేను లేచి తలుపు గొళ్లెం చూసొచ్చిన.
"సంబురంతోని అనలేదురా" అన్నడు ఓదెలు,
"ఇంట్ల మనిషి పోయిన సంగతి
ఊరికి చెప్పొచ్చినోని లెక్క అన్నడు."
గుల్ జమాన్‌కు తెలుగు రాదు. "క్యా బోలా?" అంటే
"తలనొప్పి గురించి" అన్న.
అబద్ధమైతే కాదు.

నన్ను పట్టుకున్నది వేరే మాట.
ఈ బతుకే, ఇసుమంత మారకుండ,
మళ్ల, మళ్ల, లెక్కలేనన్నిసార్లు వస్తనంటే
రమ్మంటవా, తలుపేసుకుంటవా?
నాలుగున్నరకు బస్సు.
అదే రౌండబౌటు, అదే ఎర్రలైటు,
సీటు సందుల ఎవడో మర్సిపోయిన అదే సున్నం డబ్బీ.
"దీన్ని మనకాడ వీసా రెన్యువల్ అంటరు" అన్న.
ఓదెలు చాలాసేపు పలకలే.
తర్వాత పై మంచం ఊగింది.
నవ్వుతుండో ఏంచేస్తుండో
కింద ఉన్నోనికి ఎట్ల తెలుస్తది?

ఆఖరి కంతు గుర్రానిది.
ఇటలీల ఒక నడివీధిల
బండోడు గుర్రాన్ని కొడుతుంటే
దాని మెడ కౌగిలిచ్చుకొని కూలిపోయిండట.
అట అంటే అటనే, ఎవరు చూసిండ్రో తెల్వది.
ఇంకో పదకొండేండ్లు ఊపిరుంది, ఆయన లేడు.
ముందు తల్లి చూసుకున్నది, తర్వాత చెల్లె.
చెల్లె ఆయన కాయితాలను
తన కొలతకు కుట్టుకున్నదట.

శుక్రవారం, దైద్ రోడ్డు మీద పెట్రోలు బంకు.
పికప్పుల ఒంటె,
ముందటి కాళ్లు మడిచి కట్టేసిండ్రు.
ఓదెలు తన చాయ్ కప్పు నా చేతికిచ్చి అటు నడిసిండు.
నా గుండె ఆగినంత పనైంది:
వీడు గిట్ల పడిపోతే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలె?
మెడ మీద చెయ్యేసిండు.
ఏం కాలే.
ఒంటె నింపాదిగ వాని చొక్కా చెయ్యి నమలవట్టింది,
సరిగ్గ కంపెనీ పేరు కుట్టిన కాడ.
డ్రైవరు బలోచీ ముసలాయన,
రెండు ఖర్జూరాలు తీసిండు,
ఒకటి ఒంటెకు, ఒకటి ఓదెలుకు.
నాకియ్యలే. నా రెండు చేతులల్ల చాయ్.

తెల్లారి ఆఫీసుల నా రెన్యువల్ కాయితం.
ఏలిముద్ర మిషిని నా బొటనవేలు చదవలేకపోయింది,
డబ్బాలు గీతలన్ని మింగినయి.
"మళ్లీ" అన్నది కౌంటరు పిల్ల.
ప్యాంటుకు తుడుసుకొని పెట్టిన.
"మళ్లీ."